సింహాయపు షెడ్డు (టీకా తాత్పర్య సహితం)

మూలం

“దక్షిణ నైరుతి పెరిగియున్న స్థలము దోషభూయిష్ఠము. పెరిగినంత మేర విడిచి, చతురస్రము గావించి, ప్రహరీకి తగలక, ఇంటికి అంటక, సింహాయమున 10 × 3½ అడుగుల షెడ్డు నిర్మించుకొనవలెను. ద్వారము ఉచ్చమున నుండవలెను. తక్కినది యథోచితము. శుభమ్.”

అవతారిక

ఈ గ్రంథానికి కర్త ఒక వాస్తు నిపుణులు. పేరు చెప్పుకోవడానికి పూర్వకవులు కొందరు మొహమాటపడేవారు గానీ వీరికి ఆ ఇబ్బంది లేదు. లెటర్‌హెడ్డులో పై సగం వారి పేరూ బిరుదులే. ఆ బిరుదులు మూలంలో భాగమా, ప్రక్షిప్తమా అన్న చర్చలోకి దిగితే షెడ్డు దాకా రాలేం కనక బిరుదులు వదిలేస్తున్నాను. వాటితోపాటు పేరు కూడా.

కోలాచల మల్లినాథసూరి మన మెదకు సీమవాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పట్టి మరీ కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాశాడు. ఆయన ఎదుట రఘువంశం ఉంది కాబట్టి ఆ ప్రతిజ్ఞ చెల్లింది. నా ఎదుట ఉన్నది మా బావమరిది వాట్సాప్‌లో పంపిన అరపేజీ. ఇందులో లేనివే నాకు అక్కరకొచ్చేవి, ఉన్నవేమో అక్కర్లేనివి. అందుచేత మల్లినాథుడి ప్రతిజ్ఞను తలకిందులు చేసుకుని మొదలుపెడుతున్నాను.

శాస్త్రగ్రంథం చేతబట్టగానే విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అని నాలుగు తేల్చాలి. విషయం షెడ్డు. ప్రయోజనం: పార, గునపం, కొడవలి, నీళ్ళ పైపు, వర్మీ కంపోస్టు సంచీ, సగం వాడిన యూరియా, పదిన్నర అడుగుల వెదురు నిచ్చెన వానకు తడవకుండా ఉండటం. ఈ రెంటికీ సంబంధం ఏమిటో మూలం ఎన్నిసార్లు చదివినా తెలియదు. ఇక అధికారి, అంటే ఈ శాస్త్రానికి అర్హుడు. వంటింటి వెనక వరండాలో ఇక మీదట మట్టి అంటిన సామాను కనబడితే కాలవలో పారేస్తానని ఇల్లాలు చెప్పగా విన్నవాడు. శమదమాదులు వాడికి ఆ క్షణం నుంచే అలవడతాయి.

క్షేత్ర వర్ణన. మా ఇల్లు పంటకాలువ గట్టును ఆనుకుని ఉంటుంది. ముఖం ఉత్తరానికి. వెనక దక్షిణాన ప్రహరీ. కాలువ వంపు తిరిగిన చోట ప్రహరీ కూడా దానితోపాటే ఒరిగింది. అందుకని ఇంటి వెనక గోడకూ ప్రహరీకీ మధ్య, పడమటి గోడ నుంచి సెప్టిక్ ట్యాంకు మూత దాకా, 11 అడుగుల పొడవున ఒక జాగా మిగిలింది. తూర్పు చివర వెడల్పు 4 అడుగులు, పడమటి చివర 6½. బజారులో దొరికే రెడీమేడ్ షెడ్లు ఆరు బై నాలుగు, ఎనిమిది బై ఆరు. మొదటిది పెడితే సగం జాగా వెక్కిరిస్తుంది, రెండోది పెట్టాలంటే ఇంటి గోడ పగలగొట్టాలి. అమ్మేవాళ్ళకు లంబకోణం తప్ప ఇంకో కోణం ఉన్నట్టు తెలియదు. ఈ సంకటంలో ఉండగా బావమరిది మెట్టు మీద నిలబడి ఫోన్‌తో ఒక ఫోటో తీసి నిపుణులకు పంపాడు. దగ్గర్నుంచి తీసిన ఫోటోలో మా గోడ నిజానికన్నా ఎక్కువ వంకరగా పడింది. ఆ ఫోటోకు జవాబే ఈ గ్రంథం.

మంగళవిచారం

కావ్యం ఆశీస్సుతో గానీ, నమస్కారంతో గానీ, వస్తునిర్దేశంతో గానీ మొదలవ్వాలి. మొదటి అక్షరం శ్రీకారమైతే మరీ మంచిది. మన కర్త “దక్షిణ నైరుతి” అని ఎత్తుకున్నారు. దక్షిణానికి యముడు అధిపతి, నైరుతికి నిరృతి. ఇతరుల పెరళ్ళలో మూలలు సరిచేసేవారు తమ గ్రంథానికి సింహద్వారం యముడి వైపు తెరిచారన్నమాట. ఈశాన్యంలో ఉండాల్సిన “శుభమ్” చిట్టచివరికి, కాగితం అడుగుకు జారిపోయింది. ఈ గ్రంథాన్ని ఎవరికైనా ఫోటో తీసి పంపితే ఎంతమేర కొట్టేయమంటారో తెలియదు.

టీక

దక్షిణ నైరుతి: సుగమం.

పెరిగియున్న: ఈ క్రియకు కర్త ఎవరు? స్థలం తనంతట తాను పెరగదు. కాలువ వంపు తిరిగింది. ఆ వంపును బట్టి లేఔటు వేసినవారు గీత గీశారు. ఆ గీతను బట్టి నేను సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో గజాల లెక్కన సొమ్ము కట్టాను. ఈ మొత్తం వ్యవహారంలో నిజంగా పెరిగింది గజం ధర ఒక్కటే. దాని దోషానికి పరిహారం ఏ శాస్త్రంలోనూ కనిపించలేదు.

దోషభూయిష్ఠము: దోషాలతో నిండినది. ఇక్కడ కొంచెం ఆగాలి.

ఒక కొస వెడల్పు, ఇంకో కొస సన్నం అయిన నేలముక్క దోషం అనే ముందు, అలాంటి ముక్క మన వాఙ్మయంలో ఇంకెక్కడైనా ఉందేమో చూడటం వ్యాఖ్యాత పని. ఉంది. సోమయాగానికి వేసే మహావేది. దాని పడమటి అంచు 30 పదాలు, తూర్పు అంచు 24, నడుమ పడమర నుంచి తూర్పుకు సాగే ప్రాచి 36. తూర్పు మూలలకు అంసాలని పేరు, భుజాలన్నమాట. పడమటి మూలలు శ్రోణులు, పిరుదులు. శ్రోణులు భుజాల కన్నా వెడల్పు. అంటే దక్షిణ శ్రోణి, సరిగ్గా నైరుతి మూల, శాస్త్రోక్తంగా పెరిగి ఉంది. వేదిని ప్రాచి గీత వెంట నిలువునా చీల్చి దక్షిణపు సగం తీసుకుంటే అచ్చం మా పెరటి జాగా ఆకారమే. మాది వాలు కాస్త ఎక్కువ, అంతే తేడా.

ఈ వేదిని నేల మీద ఎలా దించాలో ఆపస్తంబ శుల్బసూత్రం చెబుతుంది. ఆపస్తంబ కల్పసూత్రంలో అది 30వ ప్రశ్న. తెలుగునాట ప్రవర చెప్పుకునే ఇళ్ళలో చాలావాటిది ఆపస్తంబ సూత్రమే. ఒడుగులకూ పెళ్ళిళ్ళకూ ఆయన కావాలి, గోడ కట్టేటప్పుడు మాత్రం ఎవరికీ గుర్తుకురాడు. ఆయన అడిగిన సామగ్రి ఒక తాడు, కొన్ని మేకులు. 36 పదాల తాడుకు ఇంకో 18 కలిపి, గుర్తుపెట్టి, రెండు కొసలూ ప్రాచి చివర్ల మేకులకు తగిలించి, గుర్తు దగ్గర పట్టుకుని పక్కకు లాగితే 15, 36, 39 భుజాలుగా త్రిభుజం బిగుస్తుంది. లంబకోణం దానంతట అదే వచ్చి నిలుస్తుంది. మా తాపీమేస్త్రీ మూడూ నాలుగూ అయిదూ అని టేపు లాగి మూలమట్టం చూసేది ఇదే పని, చిన్న అంకెల్లో.

తర్వాతిది నాకు ఇంకా ఇష్టమైన ఘట్టం. వేది వైశాల్యం 972 పదాలు అంటాడు. ఎలా తెలిసిందయ్యా అంటే చేసి చూపిస్తాడు. దక్షిణపు భుజం నుంచి తిన్నగా పడమటి అంచు మీదికి గీత దించు. నైరుతి దగ్గర ఒక త్రికోణం బయట మిగులుతుంది. దాన్ని కోసి, తిరగేసి, ఉత్తరం పక్కన అతికించు. అయిపోయింది. వంకర మాయమై 36 × 27 దీర్ఘచతురస్రం మిగిలింది. గుణించుకో, 972. ఇంత తక్కువ మాటల్లో ఇంత పని జరిగిన చోట్లు మన శాస్త్రాల్లో ఎన్నో లేవు. 1875లో జార్జి థీబో శుల్బసూత్రాల మీద వ్యాసం రాసినప్పటి నుంచి గణితచరిత్ర రాసేవాళ్ళు ఈ సూత్రాలను వదలడం లేదు. వాళ్ళకు పెరట్లో షెడ్డు అవసరం లేకపోయినా.

మహావేది కూడా నయం. దాని తూర్పు కొసన పేర్చే శ్యేనచితిని చూడాలి. రెక్కలు చాచిన డేగ ఆకారం. పొరకు 200 ఇటుకలు, ఐదు పొరలు, మొత్తం వెయ్యి. మామూలు చదరపు ఇటుకతో రెక్క మడత రాదు కనక ఏ ఇటుక ఏ కోణంలో కోయాలో ముందే తేల్చుకోవాలి. 1975లో కేరళలోని పాంజాళ్‌లో నంబూద్రి బ్రాహ్మణులు అతిరాత్రం చేసినప్పుడు ఈ డేగను ఇటుక మీద ఇటుకగా కట్టారు. ఫ్రిట్స్ స్టాల్ అనే డచ్చి పండితుడు దగ్గరుండి చూసి రెండు బరువైన సంపుటాలు వేశాడు. అందులో ఫోటోలు చూస్తూ కూర్చుంటే పొద్దు తెలియదు. రెక్కకు ఒకటి, తోకకు ఒకటి, తలకు ఒకటి అని ఆ డేగకు ఎన్ని మూలలు పెరిగాయో, ఎన్ని తరిగాయో లెక్కపెట్టడం మొదలుపెడితే లెటర్‌హెడ్డు చాలదు.

ఎక్కడున్నాం? షెడ్డు.

పెరిగినంత మేర విడిచి: ఆపస్తంబుడు నైరుతి ముక్కను కోసింది లెక్క కోసం. లెక్క తేలాక వేది వేదిలాగే ఉంది. ఆ త్రికోణాన్ని అవతల వదిలేసి గోడ పెట్టుకోమని ఆయన ఎవరికీ చెప్పలేదు. మన కర్త నిజంగానే విడిచిపెట్టమంటున్నారు. మా త్రికోణం ఒక కొస సున్నా, ఇంకో కొస రెండున్నర అడుగులు, పొడవు 11. సగం చేస్తే 13¾ చదరపు అడుగులు, అంటే ఒకటిన్నర గజం. దానికి స్టాంపు డ్యూటీ కట్టాను. ఏటా మునిసిపాలిటీకి దాని మీద కూడా పన్ను కడుతున్నాను. విడిచినది ఎవరికి చెందుతుందో మూలంలో లేదు. విడిచిన చోట ఏం జరుగుతుందో నాకు తెలుసు: ముందు పిచ్చిమొక్కలు, తర్వాత పక్కింటివాళ్ళ కొబ్బరి మట్టలు, ఆ తర్వాత పాము.

చతురస్రము గావించి: 10 × 3½ చతురస్రం ఎలా అవుతుందని శంక. నాలుగు మూలలున్న దేనికైనా ఆ మాట చెల్లుతుందని సమాధానం. అలాగైతే మా జాగాకు కూడా మూలలు నాలుగే కదా అని ప్రతిశంక. దీనికి సమాధానం లేదు.

ప్రహరీకి తగలక, ఇంటికి అంటక: నాలుగు అడుగుల చోట మూడున్నర అడుగుల షెడ్డు పెడితే మిగిలేది ఆరు అంగుళాలు. చెరిసగం చేస్తే ఇటు మూడు, అటు మూడు. ఈ వాక్యాన్ని మా వెల్డింగ్ మేస్త్రీకి చదివి వినిపించాను. ఆయన జేబులోంచి టేపు తీసి మూడంగుళాలు బయటికి లాగి, ఇంటి గోడకు ఆనించి, అందులోకి తన చెయ్యి దూర్చి చూపించాడు. మణికట్టు దాకా వెళ్ళి ఆగిపోయింది. “మాస్టారూ, ఈ సందులో ఎలక దూరుద్ది, చెయ్యి దూరదు. స్క్రూ ఎవురు బిగిస్తారు? రేపు ఆకులు పడితే ఎవురు తీస్తారు?” అన్నాడు. ఈ పంక్తికి ఇంతకు మించిన వ్యాఖ్య నా దగ్గర లేదు. పూర్వపక్షం వినడం శాస్త్రమర్యాద గనక ఇంకో మాట కూడా రాస్తున్నాను. ఇల్లు, షెడ్డు గోడలు కలిస్తే రెండూ ఒకటే కట్టడం అవుతుందనీ, అప్పుడు షెడ్డు దోషం ఇంటికి పాకుతుందనీ బావమరిది వాదం. మూడంగుళాల గాలి అడ్డుపెడితే ఆగిపోయే దోషం అంత భయపడాల్సిందేమీ కాదు.

సింహాయమున: ఇది గ్రంథానికి హృదయం. పొడవు వెడల్పులు గుణించి, వచ్చినదాన్ని 9తో గుణించి, 8తో భాగించాలి. శేషాన్ని బట్టి ఆయం. ఒకటి ధ్వజం, రెండు ధూమం, మూడు సింహం, నాలుగు శ్వానం, అయిదు వృషభం, ఆరు ఖరం, ఏడు గజం, నిశ్శేషమైతే కాకి. బేసివి మంచివి, సరివి చెడ్డవి. మా జాగాలో నిఖార్సుగా పట్టే దీర్ఘచతురస్రం 11 × 4, అంటే 44. తొమ్మిదితో గుణిస్తే 396. ఎనిమిదితో భాగిస్తే శేషం 4. శ్వానం. పారకూ గునపానికీ కాపలాగా కుక్క కన్నా తగిన జంతువు ఏముంటుందని లౌకికులు అనుకుంటారు. శాస్త్రం ఒప్పుకోదు. అందుకని కర్త పొడవులో ఒక అడుగు, వెడల్పులో అరడుగు తగ్గించి 35 చేశారు. 315ను ఎనిమిదితో భాగిస్తే 3. సింహం వచ్చి కూర్చుంది.

ఆ తొమ్మిది ఎందుకు? తొమ్మిదంటే ఎనిమిదీ ఒకటీ. ఎనిమిదితో భాగించేటప్పుడు ఆ ఎనిమిది వంతులూ శేషం లేకుండా పోతాయి, మిగిలేది మొదటి సంఖ్య శేషమే. 44ను తిన్నగా ఎనిమిదితో భాగించినా 4, 35ను భాగించినా 3. తొమ్మిదితో గుణించడం వల్ల ఒరిగేది ఏమీ లేదు. వారం తీయడానికి ఇదే తొమ్మిదితో గుణించి ఏడుతో భాగిస్తారు, అక్కడ పని ఉంది. ఇక్కడ మాత్రం కాగితం మీద ఒక వరస పెరుగుతుంది, ఎదుటివాడికి గౌరవం కలుగుతుంది. పూర్వులు తొమ్మిది రకాల లెక్కలకు ఒకే మూస వాడుకున్నారు కాబట్టి వారిని అనను. లెటర్‌హెడ్డు మీద గుణించి మరీ చూపించినవారిని అంటాను.

కొలత మాటకొస్తే ఇంకో చిక్కు. ఇదే షెడ్డును అడుగుల్లో కాక అంగుళాల్లో కొలిస్తే 120 × 42, అంటే 5040. ఎనిమిదితో నిశ్శేషంగా పోతుంది. షెడ్డు కదల్లేదు, రేకు మారలేదు, సింహం మాత్రం కాకి అయిపోయింది. మా మేస్త్రీ టేపుకు ఒక పక్క అడుగులూ అంగుళాలూ, రెండో పక్క సెంటీమీటర్లూ ఉన్నాయి. ఏ పక్క చూసి కొయ్యాలో ఆయనకు ఎవరు చెప్పాలి?

సింహాయపు షెడ్డులో నిచ్చెన సంగతి కూడా విన్నవించుకోవాలి. పదిన్నర అడుగుల నిచ్చెన 11 అడుగుల జాగాలో గోడవారగా హాయిగా పడుకుంటుంది. పది అడుగుల షెడ్డులో పడుకోదు. ఏటవాలుగా నిలబెట్టాలి. నిచ్చెన నిలబడితే మనిషి నిలబడడానికి ఉండదు. వాస్తుమండలంలో 81 పదాలు, 45 మంది దేవతలు. 35 చదరపు అడుగుల్లో ఒక్కొక్క దేవతకు చదరపు అడుగైనా రాదు. వారంతా సర్దుకుంటారు, నిచ్చెన సర్దుకోదు.

ద్వారము ఉచ్చమున: ఉత్తరాన ఇల్లు, దక్షిణాన ప్రహరీ, పడమరన ప్రహరీ. తలుపు పెట్టడానికి మిగిలింది తూర్పు ఒక్కటే కనక దిక్కు విషయంలో చర్చ లేదు. తూర్పున ఉచ్చం అంటే ఈశాన్యపు సగం. మూడున్నర అడుగుల ముఖంలో సగం 21 అంగుళాలు. అందులో ఫ్రేముకు ఇటూ అటూ పోను పద్దెనిమిది మిగులుతుంది. కంపోస్టు సంచీ భుజాన వేసుకున్నవాడు పక్కకు తిరిగి వెళ్ళాలి. మోకాళ్ళ నొప్పులున్నవాడు బయటే ఆగాలి.

తక్కినది యథోచితము: ఇంతసేపూ వేచింది ఈ వాక్యం కోసమే.

“తక్కినది” అంటే ఏమిటి? మొదటిది, వాటం. రేకు ఎటు వాలాలి? ఇంటి వైపు వాలితే వంటింటి గోడ చెమ్మ. కాలువ వైపు వాలితే నీళ్ళు ప్రహరీ మొదట్లో పడి పునాది కోత. రెండోది, నేల. మట్టి నేల మీద సంచీ పెడితే కింద నుంచి చెదలు, చెమ్మకు యూరియా రాయి. మూడోది, రేకు. సిమెంటు రేకును ఏటవాలుగా కోయబోతే పగులుతుంది, కోసినవాడి ఊపిరితిత్తుల్లోకి ఆస్‌బెస్టాస్ దుమ్ము పోతుంది. రంగు రేకు అయితే గ్రైండరుతో ఎటు కావాలంటే అటు తెగుతుంది, కానీ తెగిన అంచు తుప్పు పట్టకుండా పెయింటు కొట్టాలి. నాలుగోది, గాలి. అయిదోది, తాళం. షెడ్డు అనేది ఈ అయిదింటితోనే తయారవుతుంది. మూలంలో ఇవన్నీ ఒక్క సమాసంలో సర్దుకున్నాయి. యథోచితము.

కాళిదాసు చెప్పకుండా వదిలింది ధ్వని. దస్తావేజులో చెప్పకుండా వదిలింది దావా. వాస్తులో చెప్పకుండా వదిలింది యజమాని ఖర్మ.

వరాహమిహిరుడు బృహత్సంహితలో నేలను పరీక్షించడం ఎలాగో చెప్పాడు. మూరెడు గుంత తవ్వు. తీసిన మన్ను మళ్ళీ అందులోనే పొయ్యి. మిగిలితే నేల శ్రేష్ఠం, సరిపోతే మధ్యమం, చాలకపోతే అధమం. లేదా గుంత నిండా నీళ్ళు పోసి నూరడుగులు నడిచి తిరిగి రా, ఎంత ఇంకిందో చూడు. ఆరో శతాబ్దపు మనిషి, ఉజ్జయినివాడు, గ్రహగతులు లెక్కకట్టినవాడు. ఆయన శాస్త్రంలో కూడా మొదటి పని పార పట్టుకుని అక్కడికి వెళ్ళడమే. వెళ్ళి తవ్వాలి, వంగి చూడాలి, నడవాలి. నేను అడిగింది కూడా అంతే. ఒక్కసారి వచ్చి చూడండి అన్నాను. ఫోటో చాలునన్నారు. ఫోటోలో నేల ఎంత నీరు పీలుస్తుందో కనబడదు. సెప్టిక్ ట్యాంకు మూత ఎటు తెరుచుకుంటుందో కనబడదు. షెడ్డు అమ్మేవాళ్ళూ రాలేదు, వాళ్ళకు క్యాటలాగు ఉంది. కాలనీలో ఒక రిటైర్డు ఇంజినీరుగారు ఫోన్‌లోనే గట్టిగా సలహా ఇచ్చారు. మా ఇంటి గడప దాటి, ఆ సందులోకి దిగి, చెప్పులు విప్పి, గోడ పట్టుకుని పడమటి చివర దాకా వెళ్ళి వచ్చిన ప్రాణి మేస్త్రీ ఒక్కడే.

ఆయన ఏం చేశాడో చెప్పడం మూలంలో లేనిది రాయడమే, అయినా రాస్తాను. ఇంటి గోడకు ఒక మేకు, ప్రహరీ రెండు చివర్ల రెండు మేకులు కొట్టి దారం లాగాడు. ఫ్రిజ్జు వచ్చిన అట్టపెట్టె చింపి, ఒక ముక్కను మూలలో ఆనించి, ప్రహరీ ఒరిగిన మేరకు పెన్సిలుతో గీసి కోశాడు. ఆ అట్టముక్కే షెడ్డుకు మూలగ్రంథం. దాన్ని షాపుకు తీసుకుపోయి, ఒకటిన్నర అంగుళం జీఐ పైపును ఆ కోణానికే కోసి అతికించాడు. ఇంటి గోడకే యాంగ్లరు కొట్టి, వాటం అక్కణ్ణుంచి మొదలుపెట్టాడు. “ఇంటికి అంటక” అన్నది అక్కడితో సరి. ప్రహరీ వైపు మాత్రం జానెడు చోటు వదిలాడు, చెయ్యి దూరడానికి.

ఇక్కడ నీళ్ళ శంక ఒకటి పుట్టింది. అడుగుకు రెండంగుళాల వాటం పెడితే, తూర్పు చివర నాలుగడుగులకు రేకు ఎనిమిది అంగుళాలు దిగుతుంది. పడమటి చివర ఆరున్నర అడుగులకు పదమూడు. అంటే చూరు అంచు పడమటికి పోయేకొద్దీ అయిదు అంగుళాలు కిందికి ఒరుగుతుంది. దాని కింద కట్టిన గొట్టంలో పడ్డ ప్రతి చుక్కా ఎవరూ చెప్పకుండానే పడమటి మూలకు, అంటే సాక్షాత్తూ నైరుతికి, పరుగెత్తుతుంది. నైరుతిలో నీళ్ళు! బావమరిది కాలు గాలిన పిల్లిలా తిరిగాడు. నైరుతిలో బావి, సంపు మహాదోషాలని నిపుణుల పుస్తకాలన్నీ ఘోషిస్తున్నాయి. మేస్త్రీ వాలును తూర్పుకు తిప్పడం కుదరదన్నాడు. తిప్పితే రేకు మెలిపడి మధ్యలో గుంట పడుతుందట. గొట్టం కొసను లోపలికి తిప్పి, వెడల్పున్న ఆ మూలలోనే రెండు వందల లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము పెట్టి, కింద కుళాయి బిగిస్తే మొక్కలకు పనికొస్తుందన్నాడు.

సమాధానం ఆ పుస్తకాల్లోనే దొరికింది. భూమిలోకి దిగిన నీరు నైరుతిలో నిషిద్ధం. భూమికి ఎత్తున ఉన్న ట్యాంకు మాత్రం నైరుతిలోనే ఉండాలి, బరువు అక్కడే మంచిది. డ్రమ్ము కింద రెండు ఇటుకలు పెట్టాం. ఇప్పుడది ఓవర్‌హెడ్ ట్యాంకు. కుళాయి కింద బిందె పట్టడానికి కూడా ఆ ఇటుకల ఎత్తే కావలసి వచ్చింది. వాక్యాలు పరస్పరం విరోధించినప్పుడు రెంటికీ బాధ లేకుండా సమన్వయం చేయమని మీమాంసకులు చెబుతారు. వారికి ఇటుకలు తోచి ఉండవు.

తాత్పర్యం

దక్షిణ నైరుతి వైపు ఒరిగిన చోట, ఒరిగినంత మేరా వాడుకుని, నాలుగు వైపులా నాలుగు రకాల పొడవులతో, ఇంటికి అంటుకుని, ఏ జంతువూ లేని ఆయంలో, రెండున్నర అడుగుల తలుపుతో షెడ్డు కట్టుకోవాలని భావం. ఇది మూలానికి పూర్తిగా విరుద్ధంగా ఉందే అంటే, తాత్పర్యం అలా ఉండటం మన వ్యాఖ్యాన సంప్రదాయంలో కొత్తేమీ కాదు.

శుభమ్: ఈ పదం కింద మూలప్రతిలో ఒక చిన్న చదరం ఉంది. దక్షిణ పంపడానికి ఫోన్‌తో స్కాన్ చేసేది. గ్రంథం మొత్తంలో నాలుగు భుజాలూ సమానంగా ఉన్న చతురస్రం ఇది ఒక్కటే. కాగితాన్ని ఉత్తరానికి పట్టుకుని చూశాను. వాయవ్యంలో ఒక నల్లని దిమ్మ, నైరుతిలో ఒకటి, ఈశాన్యంలో ఇంకొకటి. ఈశాన్యంలో అంత బరువు! ఆగ్నేయంలో దిమ్మే లేదు. ఇంత దోషభూయిష్ఠమైన క్షేత్రంలో ధనం నిలవడం మాట అటుంచి, అసలు ప్రవేశిస్తుందా అని సందేహిస్తూనే వెయ్యిన్నూట పదహార్లు కొట్టాను. క్షణంలో చేరిపోయాయి.